సున్నా కొస

టేపు కొస పట్టుకోవడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. పంతొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. మా ఆయన ఇళ్ళకి విలువ కట్టే మనిషి. ఎవరైనా ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో లోను తీసుకోవాలంటే, ముందు ఈయన వెళ్ళి ఆ ఇల్లు కొలిచి, గోడలు తట్టి చూసి, ఇది ఇంత చేస్తుందని రాసివ్వాలి. టేపు డబ్బా ఆయన చేతిలో ఉంటుంది. సున్నా ఉన్న కొస నా చేతిలో. నేను గోడకి ఆనించి "ఊఁ" అంటాను. అప్పుడు ఆయన మెళ్ళో వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుని అంకె చదువుతారు. నేను "ఊఁ" అనందే ఆయన కళ్ళద్దాలు ముట్టుకోరు. మధ్యలో కొలతలకి లేజర్ యంత్రం ఒకటి కొన్నాం గానీ పోయినేడాది మెట్ల మీంచి పడి ముక్కలైంది. "పీడా పోయింది" అని ఆయన మళ్ళీ టేపుకే వచ్చేశారు.

ఎన్ని ఇళ్ళు కొలిచానో నాకే లెక్క లేదు. ప్రతి ఇంట్లోనూ ఆయన పగుళ్ళు వెతుకుతుంటే నేను మనసులో కాపురం పెట్టేసేదాన్ని. ఇక్కడ మంచం, అక్కడ మొక్కలు, ఈ గట్టు మీద కూర్చుని టీ. కొలవడం అవగానే టేపు సర్రున డబ్బాలోకి పోయేది, నేను మా ఇంటికి పోయేదాన్ని. మాది మేడ మీద రెండు గదులు, అద్దెకి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపి దానికి మేకు కొట్టొచ్చు, అంత దగ్గర. మేమూ ఒకసారి లోనుకి పెట్టుకున్నాం. రాసిచ్చే కాగితానికింత అని వచ్చే సంపాదన మీద ఇవ్వం అన్నారు. అదీ ఈయన పనిచేసే బ్యాంకే. ఒళ్ళు మండిపోయి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన తప్పేముంది అందులో? ఏమీ లేదు. అయినా మాట్లాడలేదు.

మా కింద, నేల మీద గదిలో దర్జీ పిల్ల ఉండేది. పిల్ల అంటున్నానే గానీ ముప్పై ఆరేళ్ళు. ముందు కుట్టు మిషను, వెనక ఒక గుడ్డ అడ్డం, ఆ గుడ్డ వెనకే పడక. పదకొండేళ్ళు అలాగే బతికింది. నన్ను అక్కా అనేది, మా ఆయన్ని బావగారూ అనేది. నా పాత స్టూలు దానికిచ్చాను, పాత దుప్పటిచ్చాను. "పాపం, ఒంటరిది" అని పదిమంది ముందూ అనేదాన్ని. జాలి పడటానికి మనకి ఒక మనిషి ఉండటం ఎంత సుఖమో, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక సాయంత్రం చేతిలో ఫైలుతో పైకొచ్చింది.

"అక్కా, ఒక మాట. నవ్వకూడదు మరి. ఇల్లు కొంటున్నా."

"అబ్బో! ఎక్కడే?" అన్నాను. అప్పటికి సంతోషంగానే అన్నాను.

"రైలు పట్టాల అవతల పాత నీళ్ళ ట్యాంకు ఉంది చూడండి. వేలంలో నాకొచ్చింది."

అప్పుడు నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. "ట్యాంకులో కాపురమేంటే? చేపవా?" అన్నాను. తనూ నవ్వింది. తర్వాత ఫైల్లోంచి ఫోటోలు తీసి బల్ల మీద పరిచింది. పైనుండే ఇనప తొట్టిని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారట. మిగిలింది ఇటుకల గుండ్రటి కట్టడం, చుట్టూ తిరిగే ఇనప మెట్లు, అన్నిటికన్నా పైన కప్పున్న ఒక పెద్ద గుండ్రటి గది. ఒక్కో ఫోటో నా వైపు జరుపుతూ, "ఎనిమిది కిటికీలక్కా, చుట్టూరా" అంది.

ఎనిమిది. నాకున్నది ఒకటి, అదీ గోడకి.

కడుపులో భగ్గుమంది. దానికి వేరే పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను. అసూయే. పచ్చి అసూయ. గుడ్డ వెనక పడుకునేదానికి ఎనిమిది కిటికీలా? నేను చూసిన ఇళ్ళన్నీ చూసిందా ఇది? నేను పట్టినంత టేపు పట్టిందా?

"మరి లోను ఇస్తారంటావా?" అన్నాను, ఇవ్వరని వినాలని.

"అదేగా తంటా" అంది. రెండు బ్యాంకులు ఇది ఇల్లు కాదమ్మా, ట్యాంకు అని పంపేశాయట. మూడో బ్యాంకు ఫారంలో పొడవు, వెడల్పు అని రెండు గళ్ళుంటే, దీనికి మూలలే లేవు సార్, ఏం రాయమంటారని అడిగిందట. దగ్గర్లో అమ్ముడైన ఇలాంటి ఆస్తులు మూడు చూపించమంటే, "ఊళ్ళో ఉన్నదే ఒక్క ట్యాంకు, మిగతా రెండూ నేను కట్టించాలా?" అందట. మేనేజరుకి నవ్వొచ్చి, సరే, మా వాల్యూయర్ని పంపిస్తాను, ఉండే గది ముప్పై చదరపు మీటర్లకి తగ్గకుండా ఉంటే ఇల్లు కిందే లెక్క, ఒక్క పిసరు తగ్గినా కాదు అన్నాడట. ఆ బ్యాంకు వాల్యూయరు ఎవరో చెప్పాలా? మా ఆయనే.

"నెలలోపు మిగతా సొమ్ము కట్టకపోతే అడ్వాన్సు పోతుందక్కా. పదకొండేళ్ళు కుట్టిందంతా అందులోనే పెట్టా. ఇంక పన్నెండు రోజులుంది." అని నా చెయ్యి పట్టుకుంది. "మీరున్నారుగా, నాకు ధైర్యం."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. ఇనప మెట్లు ఎక్కుతుంటే నాకు మోకాళ్ళు పీకేశాయి, అది మాత్రం గంతులేస్తూ ఎక్కేసింది. పైకి చేరి తలుపు తోసింది.

ఏం చెప్పను? గది నిండా ఎండ. ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయే గాలి. కింద రైలు పట్టాలు, కొట్ల రేకులు, బట్టలు ఆరేసిన డాబాలు, అన్నీ చిన్నచిన్నగా. పంతొమ్మిదేళ్ళలో నేను మనసులో పెట్టిన కాపురాలన్నీ ఒక్క దెబ్బకి బోసిగా అయిపోయాయి. ఇదీ ఇల్లంటే అనిపించింది. ఆ అనిపించడమే నా ప్రాణం తీసింది.

"ఇక్కడ మిషను" అంటూ అటూ ఇటూ తిరుగుతోంది. "ఇక్కడ మంచం. కిటికీలకి చుట్టూ ఒకటే కర్టెను. గుడ్డ ఎంత కావాలో కూడా కొలిచేసుకున్నా." తర్వాత తూర్పు కిటికీ దగ్గర ఆగి నా వైపు తిరిగింది. "ఇక్కడ మీకో కుర్చీ వేస్తానక్కా. పాపం, మీ ఇంట్లోకి ఎండే రాదు కదా. ఎప్పుడనిపిస్తే అప్పుడొచ్చి కూర్చోండి."

పాపం అంది. నన్ను.

మంచి మనసుతోనే అంది, నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నాది. పదకొండేళ్ళుగా దాని మీద నేను వాడిన మాట, అది తిప్పి నా మీద వేసింది.

"కానిద్దామా?" అన్నారు మా ఆయన.

గుండ్రటి గది కొలవడానికి ఒక పద్ధతుంది. ఆయన ఒకచోట గోడకి డబ్బా ఆనించి కదలకుండా నిలబడతారు. నేను సున్నా కొస పట్టుకుని ఎదురు గోడ వెంబడి మెల్లిగా నడుస్తాను. నడుస్తుంటే టేపు డబ్బాలోంచి ఇంకా ఇంకా వస్తుంది. ఒక్కచోట రావడం ఆగి, అది దాటితే వదులవుతుంది. ఆ చోటే సరిగ్గా ఎదురు. అక్కడే ఆగి "ఊఁ" అనాలి. ఆ చోటు నా వేళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

నడిచాను. టేపు వస్తోంది. ఆ చోటు తగిలింది, వేళ్ళకి స్పష్టంగా తెలిసింది. ఆగలేదు. ఇంకో రెండడుగులు వేశాను. టేపు వదులైతే ఆయన తిప్పి బిగించుకున్నారు, మామూలుగా చేసేదే. గోడకి ఆనించాను.

"ఊఁ" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "ఆరు మీటర్ల పదిహేడు." రాసుకున్నారు. "రెండో వైపు కూడా చూద్దాం."

మనసు మార్చుకోవడానికి దేవుడిచ్చిన అవకాశమది. నేను మళ్ళీ రెండడుగులు ఎక్కువే వేశాను. మళ్ళీ "ఊఁ" అన్నాను. మళ్ళీ ఆరూ పదిహేడే.

దర్జీ పిల్ల కిటికీ చట్రం మీది దుమ్ము కొంగుతో తుడుచుకుంటోంది. మా వైపు చూడనైనా లేదు.

ఇంటికొచ్చి ఆయన లెక్క కట్టారు. ఇరవై తొమ్మిది పాయింటు తొమ్మిది. పెన్ను పక్కన పెట్టి చాలాసేపు నుదురు రుద్దుకున్నారు. "ఒక్క పాయింటే తగ్గిందే. ఇంకోసారి వెళ్ళి కొలుద్దామా?"

"రెండుసార్లు కొలిచాంగా" అన్నాను. "మన కింద ఉండేదని అంకె పెంచారని రేపు ఎవరైనా అంటే? ఇన్నేళ్ళ మీ పేరు ఏమైపోవాలి?"

ఆయన నిజాయితీనే ఆయన మీదకి తోలాను చూశారా? మా ఆయన తలూపి సంతకం పెట్టారు. ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నాలుగో రోజు బ్యాంకు కాదంది. దర్జీ పిల్ల ఏడుస్తూ పైకొస్తుందనుకున్నా, ఓదార్చడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నా. రాలేదు. రెండు రోజులు చూశా. కింద మిషను చప్పుడు కూడా లేదు. ఏం చేసుకుందో ఏమోనని గుండెల్లో రాయి పడింది. నా గౌను కుట్టడానికిచ్చి పది రోజులైంది, ఆ వంకతో దిగాను.

అది నేల మీద కూర్చునుంది. చుట్టూ జనం కుట్టడానికిచ్చిన బట్టలు, చొక్కాలు, ప్యాంట్లు, గౌన్లు. అన్నీ విప్పేసున్నాయి. కుట్లు తీసేసిన దారాలు కుప్పగా పడున్నాయి. దాని ఒళ్ళో మూడు టేపులున్నాయి.

"ఇదేంటే? ఎందుకు విప్పేశావు ఇవన్నీ?"

"ఇవ్వలేనక్కా. కొలతలు తప్పొచ్చాయి." గొంతు మామూలుగానే ఉంది, కళ్ళే లోతుకి పోయాయి. "కర్టెనుకి ఆ గది చుట్టూ కొలిచా కదా. ఈ మీటరున్నర టేపుతో పదమూడు టేపులకి రెండు సెంటీమీటర్లు తక్కువొచ్చింది. గొడుగు గౌను కోసేటప్పుడు చుట్టుకొలత నుంచి అడ్డం ఎంతో లెక్కేసుకుంటాం, ఆ లెక్కన గది ఆరూ ఇరవై ఉండాలి. ముప్పైకి పైనే. ఆ లెక్క చూసుకునే ధైర్యంగా ఉన్నా. బావగారు కొలిస్తే ఆరూ పదిహేడు."

విప్పిన చొక్కా ఒకటి తీసి ఊరికే మడతపెట్టాను.

"నా టేపు పాతదై పాడైందేమో అనుకున్నా. రెండు కొత్తవి కొన్నా. మూడూ పక్కపక్కన పెట్టి చూశా, వెంట్రుకంత కూడా తేడా లేదు. అంటే టేపులన్నీ బాగానే ఉన్నాయి." కుడిచెయ్యి ఎత్తి తనకి తనే చూపించుకుంది. "తేడా దీంట్లో ఉంది. ఎక్కడో వదులుగా పడుతున్నా, నాకే తెలియట్లేదు. ఇన్నేళ్ళూ అందరికీ ఇలాగే కుట్టిపెట్టానన్నమాట. మొహమాటానికి ఎవరూ చెప్పలేదు కాబోలు."

"అలా అనుకోకే, ఒక్కోసారి…" అన్నాను.

"ఇల్లు పోతే పోయిందిలే అక్కా. ఇది పోతే నేనేం చేసుకుని బతకాలి?" అని ఒక టేపు కొస నా చేతిలో పెట్టింది. "మీరు పంతొమ్మిదేళ్ళుగా పడుతున్నారుగా. ఎలా పట్టుకోవాలో ఒక్కసారి చూపించండి. సిగ్గేం లేదు, మొదట్నుంచి నేర్చుకుంటా."

సున్నా కొస నా బొటనవేలి కింద ఉంది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చానే" అని అబద్ధమాడి మెట్లెక్కి పారిపోయాను.

మా ఆయన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నారు. పళ్ళెం ఒకటి తెచ్చి ఆయన ముందు బోర్లించాను. టేపు తీసి డబ్బా ఒక అంచున పెట్టి, కొసని ఎదురంచున ఆనించాను. "ఇది సరైన చోటు" అన్నాను. తర్వాత కొసని కొంచెం పక్కకి జరిపాను. "నేను ఆ రోజు ఆగింది ఇక్కడ. రెండుసార్లూ. కావాలనే."

ఆయన పళ్ళెం వైపు చూశారు. తిడతారనుకున్నా. తిడితే బాగుండేది, నేనూ నాలుగు తిట్టుండేదాన్ని, నీవల్లే నాకు ఇల్లు లేదని అరిచుండేదాన్ని. అన్నీ నోటిదాకా వచ్చే ఉన్నాయి.

"పంతొమ్మిదేళ్ళలో నీ వైపు ఒక్కసారి కూడా చూడలేదే నేను" అన్నారు. "టేపు బిగుతుగా ఉందా లేదా అనే చూసేవాణ్ణి." టేపు డబ్బాలోకి చుట్టేసి, "ఇంకా ఐదు రోజులుంది. రేపు మళ్ళీ కొలుస్తాను. ముందు నువ్వు కిందికెళ్ళి ఆ అమ్మాయికి చెప్పిరా" అన్నారు.

"మీరే చెప్పకూడదూ?"

"పట్టుకున్నది నువ్వు."

ఆ పదహారు మెట్లు దిగడం ఎంత కష్టమైందో ఆ టవరు ఎక్కడం కూడా అంత కష్టం కాలేదు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి పోకుండా, గబగబా చెప్పేశాను. రెండడుగులు ఎక్కువ నడిచానని, నీ లెక్కే సరైందని, గది ఆరూ ఇరవయ్యేనని.

దాని మొహం వెలిగిపోయింది. నిజం, మొదట నేను చేసిన పని తట్టనేలేదు దానికి. కుడిచెయ్యి ముందుకి చాపి వేళ్ళు ముడిచి విప్పింది. "అంటే నా చెయ్యి బాగానే ఉందా?"

"బాగానే ఉందే. బంగారంలా ఉంది."

"హమ్మయ్య" అంది. విప్పేసిన బట్టలన్నీ చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు అలా ఉండగానే మిగతాది అర్థమైంది. నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లిగా పోయింది, నేను చూస్తూనే ఉన్నాను.

"ఎందుకక్కా?" అంది.

"ఓర్వలేక" అన్నాను. అంతకన్నా ఏముంది చెప్పడానికి?

తలొంచుకుని సూది తీసుకుంది. ఒక చొక్కా చెయ్యి దగ్గరికి లాక్కుని కుట్టడం మొదలెట్టింది. నేను ఇంకాసేపు నిలబడి వచ్చేశాను.

మర్నాడు పైన గదిలో మా ఆయన డబ్బా తీసి, సున్నా కొస నాకివ్వలేదు. దర్జీ పిల్లకిచ్చారు. నాకు పుస్తకం, పెన్ను ఇచ్చి తలుపు దగ్గర నిలబడమన్నారు. అది గోడ వెంబడి నడిచింది. ఒకచోట ఆగింది, అరడుగు ముందుకేసి వెనక్కొచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. ఎవరూ నేర్పలేదు, వేళ్ళకే తెలిసిపోయింది.

"ఊఁ" అంది.

"ఆరూ ఇరవై" అన్నారు ఆయన. రెండో వైపూ అంతే. నేను రాశాను.

బ్యాంకుకి ఇచ్చిన కొత్త కాగితంలో, మొదటి కొలత తప్పు, ఆ తప్పు తనదేనని మా ఆయన రాశారు. నా పేరు ఎక్కడా లేదు. లోను గడువుకి ఒక్క రోజు ముందు మంజూరైంది. ఆయనకి మూడు నెలలు పని ఆపేశారు. ఆ మూడు నెలలూ ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు మళ్ళీ పిలుస్తున్నారు. టేపు కొసకి ఇనప కొక్కెం ఒకటి బిగించుకున్నారు, మేకు కొట్టి తగిలిస్తే సరిపోతుందట. నేను పుస్తకం మోసుకుని వెంట వెళ్తాను.

నా గౌను కుట్టి పంపించింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వెళ్ళేముందు పైకొచ్చి మా స్టూలు, మా దుప్పటి ఉతికి మడిచి తిరిగిచ్చింది. "వెళ్ళొస్తానండీ. బావగారికి చెప్పండి" అంది. ఆయన బావగారే. నేను మాత్రం అండీ అయిపోయాను. ఇప్పుడు కింద గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడున్నాడు.

పోయిన వారం పట్టాల అవతల ఒక ఇల్లు కొలవడానికి వెళ్తూ తలెత్తి చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. కర్టెను వేసేసింది చుట్టూరా, పసుపు రంగుది, ఎంత బాగా కుదిరిందో! తూర్పు కిటికీకి మాత్రం పక్కకి లాగేసి ఉంది. అక్కడ కుర్చీ. కుర్చీలో ఎవరో ఆవిడ, నా వయసే ఉంటుంది, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని మొహం ఎండకి పెట్టుకుని కూర్చునుంది. లోపల్నుంచి దర్జీ పిల్ల టీ గ్లాసు తెచ్చి ఆవిడకిచ్చింది. ఏదో అని నవ్వింది. పెదాల కదలిక బట్టి అక్కా అనే అన్నట్టుంది, అంత దూరం నుంచి ఏం తెలుస్తుంది?

ఆ ఇల్లు నాకొద్దు. ఎనిమిది కిటికీలూ వద్దు, దాన్నే ఏలుకోమనండి. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని చూస్తేనే కడుపు రగిలిపోతోంది. అది నాకు వేస్తానన్న కుర్చీ.

"పద, ఆలస్యమవుతోంది" అన్నారు మా ఆయన. పుస్తకం చంకలో పెట్టుకుని నడిచాను.